ఏ పుంజును అమ్మాలె? ఏ పుంజును ఉంచుకోవాలె?



పైన వీడియోలో మా బాయికాడ మామిడిచెట్ల కింద తిరిగే ఎర్ర పుంజును చూసే ఉంటారు. మొన్న దసరాకు దాన్ని నలుగురు అడిగారు. చెప్పిన ధర ఇస్తామన్నారు. నేను ఇయ్యలేదు. ఎందుకు ఇయ్యలేదో చెప్పాలంటే అంతకుముందు మూడేండ్లు నేను చేసిన తప్పు చెప్పాలి.

మాది సిద్దిపేట దగ్గర ఒక పల్లె. మందులు లేని సాగు మొదలుపెట్టినప్పుడే నాటుకోళ్లు తెచ్చుకున్నాం. పెంటకుప్ప గీకి పురుగులు ఏరుకుంటాయి, చెట్ల మొదళ్లలో చెదలు తింటాయి, మేత ఖర్చు తక్కువ. అమ్మకానికైతే మా దిక్కు ఢోకానే లేదు. బోనాలకు పుంజు కావాలె, ఎల్లమ్మకు, పోచమ్మకు పుంజు కావాలె, దసరాకు అల్లుడొస్తే పుంజు కావాలె. కొనేటాయన వచ్చి ఏం చేస్తడు? అన్నిట్లోకి ఎత్తుగా, బరువుగా ఉన్నదాన్నే పట్టుకుంటడు. పైసలు చేతిలో పడితే నేనూ సంతోషంగా ఇచ్చేవాణ్ణి. ఎవరూ అడగని పుంజు పెట్టల మధ్య మిగిలిపోయేది.

మూడో ఏడుకు లెక్క తేడా కొట్టింది. 12 గుడ్లు పొదగేస్తే మొదట్లో 10 పిల్లలు అయ్యేవి. అవి ఆరుకు, ఐదుకు దిగినయి. అయినవాటిలోనూ ఒకదానికి ముక్కు వంకర, ఇంకోదానికి కాళ్లు నిలవవు. మేత సరిపోలేదనుకున్నా, ఎండలు ఎక్కువన్నా. ఒకరోజు మా అమ్మ గూడు ముందర కూసొని, “మంచి వడ్లు అంగట్ల అమ్ముకొని తాలు విత్తనానికి దాసుకుంటమా కొడుకా? కోళ్లకాడ నువ్వు చేసేది గదే” అన్నది. దేశీ విత్తనం గురించి ఊరంతా చెప్పుకుంట తిరిగేవాణ్ణి నేను. సిగ్గేసింది.

ఆలోచిస్తే లెక్క సులువే. ఒక పెట్టలో లోపం ఉంటే అది దాని పిల్లల వరకే. పుంజు అట్ల కాదు, పెరట్లో ఆ ఏడు పుట్టే ప్రతి పిల్లకూ తండ్రి అదే. దాని లోపం గూడంతా పాకుతది. పైగా మిగిలిన పుంజు, పెట్టలు ఒక్క తల్లి పిల్లలే అయితే అన్నాచెల్లెళ్ల జత అన్నట్టే. రెండు మూడు తరాలు అట్లనే నడిస్తే గుడ్డులోనే పిల్ల చచ్చిపోవడం ఎక్కువైతది. మా దగ్గర అయింది అదే.

ఇప్పుడు నేను పుంజును చూడకముందు దాని తల్లిని చూస్తా. పుంజు గుడ్డు పెట్టదు కానీ, గుడ్లు పెట్టే గుణం దాని ద్వారా కూడా బిడ్డలకు వస్తది. బాగా గుడ్లు పెట్టి, పొదుగు మీద నుంచి లేవకుండా కూసొని, గద్ద వస్తే ఎదురుతిరిగే పెట్టలు మాకు మూడున్నాయి. వాటి పిల్లల కాళ్లకు చిన్నప్పుడే రంగు దారం కడతా. పిల్ల పెరిగేకొద్దీ దారం వదులు చేసి కట్టాలి, లేకుంటే కాలు కోసుకుపోతది.

మూడు నెలలు వచ్చేసరికి మెడ మీద, నడుము మీద ఈకలు మొనదేలితే పుంజు అని తేలిపోతుంది. అప్పుడే అమ్మకానికి తొందరపడొద్దు. దారం కట్టిన పుంజుల్లో నాలుగైదింటిని ఆరు నెలల దాకా ఆపుతా. పట్టుకుని రొమ్ము ఎముక మీద వేలు పెట్టి చూస్తా, నిటారుగా ఉండాలి. ఎదురుగా నిలబెడితే కాళ్లు ఎడంగా ఉండాలి, మోకీళ్లు ఒకదానికొకటి తగిలేది వద్దు. కన్ను మెరవాలి, తురాయి ఎర్రగా ఉండాలి. రంగు అంటారా, అది మీ ఇష్టం. డేగ, నెమలి, కాకి అని పేర్లు పెట్టి పందెపోళ్లు పెద్ద లెక్కలు చెప్తారు. ఇంటి పెంపకానికి ఆ లెక్కలతో నాకు పని పడలేదు.

నడవడి మాత్రం చూడాలి. వీడియోలో ఒక చోట గమనించండి, ఎర్ర పుంజుకు చెదపుట్ట దొరికింది. తాను తినకుండా కొక్కొక్కొమని పెట్టలను పిలిచింది. ఆకాశంలో నీడ కదిలితే అందరికంటే ముందు అరిచేదీ అదే. దీనికంటే అందమైన సవల పుంజు ఒకటి ఉండేది. మా చిన్నపాప మీదికి రెండుసార్లు ఎగిరి తొడ మీద గీరింది. మూడోసారి దాకా ఆగలేదు, కూర చేసుకున్నం. మనుషుల మీదికి వచ్చే గుణం పిల్లలకూ దిగుతుంది.

పది పెట్టలకు ఒక పుంజు చాలు. మాకు 16 పెట్టలు, రెండు పుంజులు. పుంజులు ఎక్కువైతే పెట్టల వీపు మీద ఈకలు రాలి తోలు కనిపిస్తది. ఆ గుర్తు కనిపించిందంటే పుంజుల్ని తగ్గించాల్సిందే.

ఇంక నేను చేసిన రెండో తప్పు. అమ్మ మాట విన్న వారానికే అంగడి నుంచి కొత్త పుంజును తెచ్చి నేరుగా గూట్లోకి వదిలిన. ఐదారు రోజులకు ఆకుపచ్చ పారుడు, మెడలు తిరిగిపోవడం. కొక్కెర తెగులు. 23 కోళ్లలో 14 పోయినయి. దారం కట్టాల్సిన మంచి పెట్ట కూడా అందులోనే పోయింది. ఇప్పుడు కొత్తది ఏదొచ్చినా మూడు వారాలు దూరంగా వేరే గంప కిందనే. పిల్లలకు మొదటి వారంలో లసోటా చుక్కలు, 8వ వారంలో ఆర్‌2బి సూది మానకుండా వేయిస్తున్నా.

పుంజును మార్చినంక వెంటనే గుడ్లు పొదగెయ్యకండి. పాత పుంజు బీజం పెట్ట కడుపులో రెండు మూడు వారాలు నిలుస్తది. మూడు వారాలు ఆగి, తర్వాత గుడ్లు కూడబెట్టాలి. పొదిగేసిన ఏడో రోజు రాత్రి చీకట్లో గుడ్డు వెనక టార్చి పెడితే సాలెగూడులాగా రక్తనాళాలు కనిపిస్తాయి. కనిపించనివి తీసేయొచ్చు. చాలా గుడ్లు అట్లనే ఖాళీగా ఉంటే పుంజును అనుమానించాలి.

ఒక మాట రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ వారి వనరాజా, గ్రామప్రియ గురించి. గుడ్లకు, బరువుకు మంచివే, మా పక్కింట్ల ఉన్నాయి. కానీ అవి సంకరం. వాటి పుంజునే ఉంచుకుని పిల్లలు చేయిస్తే తల్లిదండ్రుల్లాగా రావు. ఆ పెట్టలు పొదగడం కూడా అంతంతే. పిల్లలు మళ్లీ కొనుక్కోవాల్సిందే.

ఎర్ర పుంజు వచ్చాక నిరుడు వేసిన మూడు పొదుగుల్లో 36 గుడ్లకు 29 పిల్లలు అయినయి. ఇప్పుడు దాని బిడ్డలే గుడ్లకు వస్తున్నయి, కాబట్టి ఉగాది దాటినంక దాన్నీ మార్చాలి. నంగునూరు దిక్కు రైతు ఒకాయనతో మాట అయింది, నా ఎర్రది ఆయనకు, ఆయన కాకి పుంజు నాకు. అమ్మకు ఇంకా చెప్పలేదు. పొద్దున గింజలు ఆమె చేతిలోనే తింటది అది.