గుడి కట్టాము, ఆవరణ మరిచాము

తెనాలి దాపున ఉన్న మా పల్లెలో కొన్నేళ్ల క్రితం కొత్త గుడి కట్టుకున్నాము. పాతది పెంకుల గుడి. గట్టి వాన వస్తే ప్రసంగ పీఠం దగ్గరే బొట్లు బొట్లుగా కారేది. కూలి డబ్బుల్లోంచి పది రూపాయలు, ఇరవై రూపాయలు తీసి కూడబెట్టి, దేవుని కృపవలన స్లాబు వేసి, గోపురం లేపి ప్రతిష్ఠ పండుగ చేసుకున్నాము. కొంత డబ్బు మిగిలింది. సంఘపెద్దలం కూర్చుని, బురద లేకుండా ఆవరణ అంతా సిమెంటు చేయిద్దామనుకున్నాము. కాదన్నవారు ఒక్కరూ లేరు. అడ్డంగా ఉన్నవని రెండు వేపచెట్లు కొట్టించాము. గోడ నుండి గోడ దాకా నున్నగా వచ్చింది. పెళ్లిపందిళ్లకు బాగుంటుందని మురిసిపోయాము.

ఆ యేడు వానలకే సంగతి తెలిసింది. ఒక శనివారం రాత్రి కురిసిన వానకు నీళ్లు మెట్లెక్కి గుడిలోనికి వచ్చాయి. తెల్లవారి ఆరాధనకు వచ్చిన స్త్రీలు కూర్చునే చాపలు తడిసి ముద్దయ్యాయి. మునుపు సగం వాన నేలే తాగేది, మిగిలింది ఈశాన్యం మూలనుండి పొలం బోదెలోకి పోయేది. ఇప్పుడు తాగే నేల లేదు. గేటు వైపు వాలు పెట్టామన్నాడు మేస్త్రీ. పెట్టిన మాట నిజమే. కాని గేటు ముందరి రోడ్డును పాతదాని మీదే మళ్లీ వేసి ఎత్తు చేశారు. వాన నీరు గేటు దాకా వెళ్లి వెనక్కు తిరిగి గుడి గుమ్మంలోకి వస్తున్నది. వేసవిలో బాధ మరొకటి. సెలవుల బైబిలు బడికి వచ్చిన పిల్లలు చెప్పులు లేని కాళ్లతో ఆ సిమెంటు మీద గంతులు వేస్తూ పరుగెత్తారు. ఆటకని కాదు, కాలిపోతుంటే.

మా సంఘపు కుర్రవాడొకడు విజయవాడలో ఆర్కిటెక్చరు చదువుతున్నాడు. సెలవులకు వచ్చినవాడు ఆ వానాకాలంలో ఒకనాడు గొడుగు వేసుకుని ఆవరణలో అరగంట నిలబడ్డాడు.

“ఏం అబ్బాయ్, గుడిలోకి రాకుండా వానలో ఏం చూస్తున్నావు?” అన్నాము.

“నీళ్లు ఎటు పోతున్నాయో చూస్తున్నాను బాబాయిగారూ. మీరు నేల కట్టకముందు ఈ పని ఎవరైనా చేశారా?” అన్నాడు.

ఎవరమూ చేయలేదు. ఈ వ్యాసం ఆ ప్రశ్నలోనుండే పుట్టింది.

ప్రియ పాఠకులారా, గుడికి, ఇంటికి నమూనా గీసేవారిని ఆర్కిటెక్టు అంటామని మనకు తెలుసు. ఆ కట్టడం బయట ఉన్న నేలకు నమూనా గీసేవారు కూడా ఉన్నారు. వారిని లాండ్‌స్కేప్ ఆర్కిటెక్టు అంటారు. తోటమాలి వేరు, ఈయన వేరు. రెండు క్రోటన్లు, ఒక పచ్చిక మడి వేసిపోవటం ఈయన పని అనుకుంటారు చాలామంది. మేమూ అలాగే అనుకున్నాము. నిజానికి పూలమొక్క ఈయన పనిలో చిట్టచివర వస్తుంది. మొదట నేల ఎత్తుపల్లాలు కొలుస్తాడు. మట్టి తీసి చూస్తాడు. వాన ఎక్కడ పడి ఎటు పోతుందో, సాయంత్రపు ఎండ ఏ కిటికీలోనుండి కొడుతుందో, గాలి ఎటునుండి వస్తుందో, జనం ఏ దారిన నడుస్తారో రాసుకుంటాడు. ఉన్న చెట్లన్నిటినీ పటంలో గుర్తు పెడతాడు. ఆ తరువాతనే ఎక్కడ మట్టి తీయాలి, ఎక్కడ పోయాలి, ఏ కాలువ ఎంత వాలులో పోవాలి, ఏ చెట్టు ఎక్కడ ఉండాలి అని గీస్తాడు. పని జరిగేటప్పుడు దగ్గర నిలబడి చూస్తాడు.

నెహెమ్యా యెరూషలేము చేరిన తరువాత చేసిన మొదటి పని జ్ఞాపకం చేసుకోండి. మూడు దినములైన తరువాత రాత్రివేళ లేచి, ఎవరితోను చెప్పకుండా, పడిపోయిన గోడల వెంబడి తిరిగి చూచాడు. ఒకచోట ఆయన ఎక్కిన పశువు పోవటానికి కూడ దారి లేకపోయింది. అదంతా చూచిన తరువాతనే కట్టుదము రండని జనులను పిలిచాడు. మేము మాత్రం చూడకముందే చేతులెత్తాము.

ఈ వృత్తికి ఈ పేరు అమెరికాలో స్థిరపడింది. 1858లో న్యూయార్కు సెంట్రల్ పార్కుకు ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్, కాల్వర్ట్ వాక్స్ అనే ఇద్దరు ఇచ్చిన నమూనాను ఎన్నుకున్నారు. రాళ్లు, ఊబి ఉన్న నేల అది. ఊబిని చెరువులుగా మలిచి, బండ్లకొద్దీ మట్టి తోలి, ఊరిలో తోటలేని బీదవారికి కూడా నీడ దొరకాలని చేశారు. మంచి పనే. అయితే ఆ స్థలంలో సెనెకా అనే పల్లె ఉండేది. ఎక్కువమంది నల్లజాతివారు, సొంత ఇళ్లు, మూడు చర్చిలు. పార్కు కోసం 1857లో ఆ పల్లెను ఖాళీ చేయించారు. పటంలో గీత గీసేవారి చేతిలో ఎంత అధికారం ఉంటుందో తెలియటానికి ఈ సంగతి కూడా చెప్పుకోవాలి.

మన దేశంలో మిషనెరీలలోనే నేలను ఇలా చూచినవారున్నారు. విలియం కేరీ బైబిలు తర్జుమాతో పాటు సెరాంపూరులో పెద్ద తోట పెంచాడు. 1820లో వ్యవసాయ, తోటల సంఘం స్థాపించాడు. 1823 వరదలో ఆ తోట కొట్టుకుపోతే, ముసలితనంలో మళ్లీ నాటించాడు. మన ప్రాంతంలోనూ పాత మిషను కాంపౌండ్లలో చింతలు, వేపలు, మర్రులు ఎలా నిలిచాయో చూడండి. ఆ నీడలోనే బడులు జరిగాయి, మందులు ఇచ్చారు, సభలు జరిగాయి.

ఇక మన మూడు ఊళ్ల సంగతి. రైలెక్కితే ఒక పూటలో చూడవచ్చు గాని, మూడుచోట్లా నేల వేరు. ఒకచోటి నమూనా మరొకచోట పనికిరాదు.

తెనాలి మూడు కాలువల ఊరు. 1855లో విజయవాడ దగ్గర ఆనకట్ట పూర్తయిన తరువాత కృష్ణ నీరు ఈ పడమటి డెల్టాకు వచ్చింది. 1957లో ఆనకట్ట చోట ప్రకాశం బ్యారేజి వచ్చింది. ఇక్కడిది నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. ఈ నేలలో గోడను ఆనుకుని పెద్ద చెట్టు నాటితే, ఎండాకాలంలో అది తేమ లాగేసి పునాది కింద మట్టి కుంగి గోడ బీటలిచ్చే ప్రమాదం ఉంది. అందుకని చెట్టును కొట్టనక్కరలేదు, దూరంగా నాటితే చాలు. నేల చదును కాబట్టి బెత్తెడు వాలు కూడా బంగారమే. మేస్త్రీలు వాడే నీళ్ల గొట్టంతో ఆవరణ నాలుగు మూలలు కొలిచినా సగం నిజం బయటపడుతుంది.

బాపట్లకు వెళ్తే కాలి కింద ఇసుక. వాన పడ్డది పడ్డట్టు ఇంకుతుంది, బురద బాధ లేదు. ఇక్కడ ఆపద కంటికి కనబడదు, అది భూమి కింద ఉంది. సముద్రం దగ్గరి ఇసుకలో అడుగున ఉప్పునీరు, దాని మీద తేలుతూ పలుచని పొరగా వాన నీరు ఉంటాయి. మంచినీరు తేలిక గనుక పైన నిలుస్తుంది. మన పూర్వులు ఈ రహస్యం ఎరిగి లోతుగా తవ్వకుండా దొరువులు తీసుకున్నారు. దొరువు అంటే ఇసుకలో తీసిన లోతు తక్కువ గుంట. పై పొర నీరు మాత్రమే అందులోకి ఊరుతుంది, దానిని కడవలతో ముంచి పంటలకు పోసేవారు. ఇప్పుడు లోతుగా బోరు దించి గట్టిగా లాగితే అడుగునున్న ఉప్పునీరు పైకి ఉబికి వస్తుంది. ఒకసారి ఉప్పు తగిలితే ఆ బోరు తీపి కావటం కష్టం. బాపట్ల వ్యవసాయ కళాశాలది 1945 నాటి స్థాపన. ఆ ఊరిలోని ఉప్పునీటి పరిశోధన కేంద్రంవారు పాత దొరువునే బాగుచేశారు. ఇసుకలో తక్కువ లోతున చిల్లులున్న గొట్టాలను అడ్డంగా పరిచి, వల చుట్టి, అవి ఒక బావిలోకి నీరు తెచ్చేటట్టు చేశారు. పై పొర మాత్రమే మెల్లగా వస్తుంది. ఇంత సులువైన సంగతి తెలియక సముద్రం దాపున మన సంఘాలు ఎంత డబ్బు బోర్లలో పోశాయో! బాపట్ల ఆవరణను సిమెంటు చేయటమంటే ఆ మంచినీటి పొరకు అన్నం పెట్టే నోటిని మూయటమే.

ఆ ఊరికి గాలి కూడా ఉంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. సూర్యలంక వైపు సరుగుడు తోటలు ఉన్నవి ఊరకే కాదు. గాలిని పూర్తిగా ఆపే గోడ మంచిది కాదట. గాలి గోడనెక్కి అవతల సుడి తిరిగి పడుతుంది. సముద్రం వైపు పొట్టి పొదలు, వెనుక పొడుగు చెట్లు వరుసలుగా ఉంటే గాలి వాటి సందుల్లోనుండి వడబోసినట్టు వచ్చి నెమ్మదిస్తుంది. చుట్టూ సిమెంటు బిగించిన చెట్టుకు వేరు పరుచుకోవటానికి చోటుండదు, తుపానుకు ముందు పడేది అదే. బెయేర్షెబాలో అబ్రాహాము పిచుల వృక్షము నాటాడని చదువుతాము. ఎండకు, ఉప్పుకు, ఇసుకకు ఓర్చుకునే చెట్టు అది. ఆయన స్థలము చూచి చెట్టు ఎన్నుకున్నాడని మాకు తోస్తుంది.

తెనాలికి తిరిగి వచ్చి రేపల్లె బండి ఎక్కితే వేమూరు, భట్టిప్రోలు దాటి దారి చివర దిగుతాము. ఇక్కడ ఒకవైపు కృష్ణ, ఇంకొకవైపు సముద్రం. 1977 నవంబరు 19 రాత్రిని ఆ తరంవారు ఇప్పటికీ ఉప్పెన అనే చెప్పుకుంటారు. వేలమందిని పోగొట్టుకున్నాము. 2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజి నుండి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చి లంక గ్రామాలు మునిగాయి. ఇటువంటి చోట ఆవరణ నమూనా అంటే మొదటి ప్రశ్న పూలు కాదు: ఊరంతా నీరు వచ్చిన రాత్రి ముసలివారు, పసిపిల్లలు గుడి మెట్ల దాకా ఏ దారిన వస్తారు? ఆ దారి కొంచెం మెరకగా ఉందా? చేతిపంపు వరద నీటికి పైన ఉందా? చవుడు నేల గనుక కానుగ, గంగరావి, పొన్న, తాటి వంటివి నిలుస్తాయి. లంకెవానిదిబ్బ, నిజాంపట్నం వైపు ఇంకా మిగిలి ఉన్న మడ అడవులు అలల ఊపును విరుస్తాయి. వాటిని ఎవరూ నాటనక్కరలేదు, నరకకుండా ఉంటే చాలు.

ఒక మాట దాచకుండా చెప్పాలి. మన పల్లెలు ఎక్కువగా ఊరికి పల్లపు వైపున ఉన్నాయి. మనకు వచ్చిన సమాధుల తోట స్థలం చాలాచోట్ల డ్రెయిను పక్కన, ఎవరికీ పనికిరాదని వదిలిన చోటు. వానాకాలంలో గొయ్యి తవ్వితే నీరు ఊరుతుంది. కన్నవారిని ఆ నీళ్లలో దించి ఇంటికి వచ్చినవారికి ఆ బాధ తెలుసు. నగరాల్లో ధనవంతుల బంగళాలకు పచ్చిక పరిచే పని అని మనం అనుకునే ఈ విద్య అసలు అవసరం మనకే ఎక్కువ. మెరకలో ఉన్నవాడికి నీరు దానంతటదే పోతుంది.

సంఘానికి అంత ఖర్చు పెట్టే స్తోమతు లేదనవచ్చు. నిజమే. అయితే విజయవాడలోనే 2008లో స్థాపించిన ప్రభుత్వ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది. ఇంటరులో లెక్కలు చదివిన పిల్లలు ప్రవేశ పరీక్ష రాసి అయిదేళ్లు ఆర్కిటెక్చరు, ఆపైన రెండేళ్లు లాండ్‌స్కేప్ చదువవచ్చు. మన పిల్లలను ఇంజనీరింగుకు, నర్సింగుకు పంపుతున్నాము. ఒకరిద్దరిని ఇటు కూడా పంపితే బాగుండును.

మా గుడి సంగతి ఏమైందని అడుగుతారు. రెండు మీటింగులు వాదించుకున్నాము. సిమెంటులో ఒక పెద్దాయన తన తండ్రి జ్ఞాపకార్థం వేయించిన పేరురాయి ఉంది. దానిని కదపటానికి ఆయన ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవటం మాకు తప్పుగా తోచలేదు. చివరకు ఆ రాయి ఉన్న భాగం అలాగే ఉంచి, పడమటి గోడకు కొంచెం ఇవతలగా ఆరడుగుల పట్టీ పగులగొట్టించాము. గుమ్మం ముందు అడ్డంగా చిన్న కాలువ తీసి, ఈశాన్యం మూల బోదెకు మళ్లీ దారి ఇచ్చాము. కుర్రవాడు గీసి ఇచ్చిన కాగితం చూచి మేస్త్రీ మొదట నవ్వాడు, తరువాత దానిని మడిచి జేబులో పెట్టుకున్నాడు. నాటిన వేపమొక్కలను మొదటిసారి మేకలు తిన్నాయి. రెండవసారి కంచె వేశాము. కిందటి వానలకు నీళ్లు రెండవ మెట్టు దాకా వచ్చి ఆగాయి. కాలువ ఇంకొక బెత్తెడు లోతు చేయాలంటున్నాడు అబ్బాయి. ఆ లెక్క వచ్చే నెల కమిటీలో పెడుతున్నాము.