తలకు పట్టే హెల్మెట్

చిత్తూరు నుంచి రాణిపేట, కాంచీపురం దారిలో పోయినా, తిరుపతి నుంచి పుత్తూరు, నగరి, తిరుత్తణి దారిలో పోయినా మూడు గంటల్లో శ్రీపెరంబుదూరు పక్కనున్న ఇరుంగాట్టుకోట్టై చేరుకోవచ్చు. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్ళ రేసు ట్రాకు అక్కడే ఉంది. 1990లో మొదలైన ఆ ట్రాకును ఇప్పుడు మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ అంటున్నారు. చుట్టు దాదాపు 3.7 కిలోమీటర్లు. ఇంకా చాలా దూరం పోతే కోయంబత్తూరు దగ్గర కారి మోటార్ స్పీడ్‌వే. ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలు తాము కట్టుకున్న కార్లతో పోటీ పడే ఫార్ములా భారత్ జరిగేది అక్కడ. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్లు పరుగెత్తాక, మన పిల్లల్లో రేసుల మీద ఆసక్తి మరింత పెరిగింది.

కారు కట్టడానికి నెలల తరబడి నిద్ర మానుకునే పిల్లలు హెల్మెట్ దగ్గరికొచ్చేసరికి తొందరపడతారు. ఇంజిన్‌కు, టైర్లకు డబ్బులన్నీ అయిపోయాక మిగిలిన దాంట్లో ఒకటి కొంటారు. ఒకే హెల్మెట్ ఇద్దరు ముగ్గురు డ్రైవర్ల నెత్తిమీదికి మారుతుంది. ఇలాంటి విద్యార్థి పోటీల్లో ఎండ్యూరెన్స్ అనే పరుగు ఉంటుంది. దాదాపు 22 కిలోమీటర్లు, సగంలో డ్రైవరు మారాలి. దిగినవాడు చెమటతో తడిసిన హెల్మెట్ తీసి ఎక్కేవాడికి ఇస్తాడు. దిగినవాడి తల 56 సెంటీమీటర్లు, ఎక్కేవాడి తల 59 అయితే ఆ హెల్మెట్ ఇద్దరిలో ఎవరికి సరిపోయినట్టు? ఈ వ్యాసం ముఖ్యంగా అలాంటి పిల్లల కోసం, వాళ్ళకు డబ్బులిచ్చే అమ్మానాన్నల కోసం.

ముందు ఏ హెల్మెట్ దేనికో తేల్చుకోవాలి. మన రోడ్డు మీద బండి నడిపేవాడికి ఐఎస్ఐ గుర్తు ఉన్న హెల్మెట్ కావాలి. 2021 జూన్ 1 నుంచి ఆ గుర్తు లేని ద్విచక్ర వాహన హెల్మెట్లను తయారు చేయడం, అమ్మడం మన దేశంలో నిషేధం. కారు రేసుకు ఆ గుర్తు చాలదు. అక్కడ స్నెల్ సంస్థ ఇచ్చే ఎస్ఏ ముద్రగానీ, అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య ఎఫ్ఐఏ ఇచ్చే ముద్రగానీ చూస్తారు. స్నెల్ అన్నది ఒక రేసరు పేరు. పీట్ స్నెల్ 1956లో కాలిఫోర్నియాలో రేసులో తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. పెట్టుకున్న హెల్మెట్ అతణ్ణి కాపాడలేకపోయింది. మరుసటి ఏడాది అతని మిత్రులు, తోటి రేసర్లు కలిసి అతని పేరున ఒక ఫౌండేషన్ పెట్టి హెల్మెట్లను పరీక్షించడం మొదలుపెట్టారు.

స్నెల్ ముద్రల్లో ఎమ్ అంటే మోటార్‌సైకిల్, ఎస్ఏ అంటే కారు రేసు, కె అంటే కార్టింగ్. బైకు నుంచి పడ్డవాడు రోడ్డు మీద జారుకుంటూ పోతాడు. కారులో ఉన్నవాడు సీటుకు కట్టేసి ఉంటాడు. అతని తల పక్కనున్న ఇనుప కడ్డీలకు మళ్ళీ మళ్ళీ కొట్టుకుంటుంది, పైగా పెట్రోలు అంటుకునే భయం ఉంటుంది. అందుకే ఎస్ఏ హెల్మెట్‌ను కడ్డీ దెబ్బకూ, మంటకూ పరీక్షిస్తారు. ఎమ్ హెల్మెట్‌కు మంట పరీక్ష లేదు, కె హెల్మెట్‌కూ లేదు. ఏ పోటీకి ఏ ముద్ర, ఏ సంవత్సరానిది కావాలో ఆ పోటీ నిబంధనల్లోనే రాసి ఉంటుంది, కొనకముందే చదవాలి. ఇంకొక సంగతి: ఐఎస్ఐ గుర్తు లేని ఎస్ఏ హెల్మెట్ ఎంత ఖరీదైనదైనా దాన్ని పెట్టుకుని బండి మీద అలిపిరి నుంచి ఘాట్ ఎక్కకూడదు. రోడ్డు చట్టం అడిగేది వేరు.

ముద్ర సంగతి ఇంతటితో చాలు. ముద్ర సరిగా ఉన్న హెల్మెట్ కూడా తలకు పట్టకపోతే పనిచేయదు, ఆ ముక్క ఎవరూ గట్టిగా చెప్పరు.

హెల్మెట్‌లో తలను కాపాడేది పైన మెరిసే డొప్ప ఒక్కటే కాదు. దాని కింద థర్మోకోల్ లాంటి గట్టి పొర ఉంటుంది. దెబ్బ తగిలినప్పుడు డొప్ప ఆ బలాన్ని పంచుతుంది, లోపలి పొర నలిగిపోతుంది. నలిగేంతసేపు తల కొంచెం కొంచెంగా ఆగుతుంది. ఒక్కసారిగా ఆగిన తలలో మెదడు పుర్రెకు కొట్టుకుంటుంది. ఆ పొర తన పని చేయాలంటే తల ముందునుంచే దాన్ని ఆనుకుని ఉండాలి. దామలచెరువు మార్కెట్లో తోతాపురి కాయల్ని క్రేట్లలో సర్దేవాళ్ళను చూడండి. సందు మిగలకుండా గడ్డి కూరి సర్దితే లారీ ఎంత ఎగిరినా కాయకు దెబ్బ తగలదు, వదులుగా వేస్తే ఊరు దాటకముందే కమిలిపోతుంది. వదులు హెల్మెట్‌లో తల సంగతీ అంతే. బయట ఒక దెబ్బ, లోపల ఇంకొకటి. అంతకన్నా ఘోరం, హెల్మెట్ తిరిగిపోయి నుదురు బయటపడుతుంది, లేదా ఊడి వస్తుంది.

కారు రేసులో ఇంకో కారణం ఉంది. డ్రైవరు భుజాల మీద మెడ పట్టీలాంటి ఒక సాధనం పెడతారు, పేరు హ్యాన్స్. అమెరికాలో రాబర్ట్ హబ్బర్డ్ అనే ప్రొఫెసరు, ఆయన బావ అయిన రేసర్ జిమ్ డౌనింగ్ 1980లలో దాన్ని రూపొందించారు. ఎదురుగా గోడకు గుద్దుకున్నప్పుడు శరీరం బెల్టులతో ఆగిపోతుంది, తల మాత్రం ముందుకు దూసుకుపోతుంది. పుర్రె అడుగు ఎముక విరుగుతుంది. 2001 ఫిబ్రవరి 18న డేటోనాలో డేల్ ఎర్న్‌హార్ట్ చివరి చుట్టులో చనిపోయింది ఆ దెబ్బతోనే, అప్పుడు ఆయన హ్యాన్స్ పెట్టుకోలేదు. ఫార్ములా వన్‌లో 2003 నుంచి అది తప్పనిసరి. హ్యాన్స్ తాళ్ళు తగిలించేది హెల్మెట్‌కు, తలకు కాదు. హెల్మెట్ వదులుగా ఉంటే తాళ్ళు హెల్మెట్‌ను పట్టుకుంటాయి, తల మాత్రం లోపల జారుతుంది. అంత ఖరీదైన సాధనం ఫలితం తగ్గిపోతుంది. కారు రేసు హెల్మెట్ కొలత మీద ఇంత పట్టుదల ఇందుకే.

కొలవడం చూద్దాం. దర్జీ దగ్గరుండే గుడ్డ టేపు చాలు. కనుబొమలకు ఒక అంగుళం పైన నుదుటి మీదుగా, చెవులకు పైగా, తల వెనక ఎక్కువ ఉబ్బుగా ఉన్నచోట చుట్టి చూడాలి. రెండు మూడు చోట్ల జరిపి కొలిచి, వచ్చిన వాటిలో పెద్ద కొలత రాసుకోవాలి. మన హెల్మెట్ల మీద 580 అని ఉంటే మిల్లీమీటర్లు, అంటే 58 సెంటీమీటర్లు. ఒక కంపెనీ మీడియం ఇంకో కంపెనీ లార్జ్ కావచ్చు, కాబట్టి అక్షరాన్ని నమ్మకండి, అంకెను చూడండి. రెండు సైజుల మధ్య ఉంటే చిన్నదానితో మొదలుపెట్టండి.

అంకె ఒక్కటే చాలకపోవడానికి కారణం తలల ఆకారం. 58 సెంటీమీటర్ల తల ఒకరిది దాదాపు గుండ్రంగా, ఇంకొకరిది ముందు వెనకలకు పొడుగ్గా ఉంటుంది. పైనుంచి ఫోటో తీయించుకుంటే తెలుస్తుంది. తిరుమలలో గుండు కొట్టించుకున్న రోజు తీయించుకుంటే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. పొడుగు తలకు గుండ్రటి హెల్మెట్ పెడితే నుదుటి నడుమ నొక్కుతుంది, కణతల దగ్గర ఖాళీ ఉంటుంది. గుండ్రటి తలకు పొడుగు హెల్మెట్ పెడితే కణతలు నలుగుతాయి, నుదుటి దగ్గర ఖాళీ. ఈ రెండిటికీ సైజు పెంచడం పరిష్కారం కాదు. పెంచితే నొక్కుడు తగ్గుతుంది గాని ఉన్న ఖాళీ ఇంకా పెరుగుతుంది. వేరే ఆకారపు హెల్మెట్, అంటే తరచుగా వేరే కంపెనీ హెల్మెట్ వెతుక్కోవాలి. దుకాణంలో చాలా తప్పులు ఇక్కడే జరుగుతాయి.

గుండు మాట వచ్చింది కాబట్టి మన ప్రాంతంలో తప్పక చెప్పాల్సినది ఒకటుంది. దట్టమైన జుట్టుతో కొన్న హెల్మెట్ కళ్యాణకట్ట నుంచి వచ్చాక వదులవుతుంది. జుట్టు తీసిన మందం కొన్ని మిల్లీమీటర్లే గాని, పట్టు పోవడానికి అది చాలు. గుండుతో కొన్నది ఆరు నెలలకు బిగుసుకుంటుంది. మొక్కు ఉన్నవాళ్ళు దాన్ని లెక్కలో పెట్టుకుని, మందం మార్చుకోగలిగే ప్యాడ్లున్న హెల్మెట్ తీసుకోవడం మేలు. గుండుకు రాసుకున్న గంధం ప్యాడ్లకు అంటితే విప్పి ఉతకాలి. ఆడపిల్లలు కొప్పు ముడిచి, పూలు పెట్టి హెల్మెట్ వేస్తే అది వెనక పైకి లేచి నుదుటి మీద వాలుతుంది. మెడ దగ్గర కింద జడ వేసుకోవాలి. కమ్మలు, జూకాలు తీసెయ్యాలి. కారులో పోటీ చేసేవాళ్ళు మంటకు కాలని గుడ్డతో కుట్టిన బాలాక్లావా ముసుగు తలకు వేసుకుంటారు. హెల్మెట్ పెట్టి చూసేటప్పుడు అది కూడా వేసుకునే చూడాలి. కళ్ళద్దాలున్నవాళ్ళు వాటితో పాటు చూడాలి.

పెట్టుకున్నాక అద్దంలో చూడండి. బుగ్గలు కొంచెం పైకి నెట్టినట్టు ఉండాలి, మాట్లాడితే లోపలి చర్మం పళ్ళకు తగిలీ తగలనట్టు ఉండాలి. నుదుటికి, ప్యాడుకు మధ్య వేలు దూరకూడదు. ఇప్పుడు హెల్మెట్‌ను రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ తిప్పండి: దానితో పాటు బుగ్గల చర్మం, కనుబొమలు కదలాలి, హెల్మెట్ ఒక్కటే జారకూడదు. తరువాత గడ్డం కింద పట్టీ బిగించి, వెనక అంచును పట్టుకుని మరొకరిని ముందుకు ఎత్తమనండి. ఊడి వచ్చేలా ఉంటే ఎంత నచ్చినా వదిలేయండి. ఇదే అన్నిటికన్నా నమ్మదగిన పరీక్ష. పట్టీ సరిగా బిగించకపోయినా ఇదే జరుగుతుంది కాబట్టి రెండు డి రింగుల నుంచి పట్టీ ఎలా మడవాలో కూడా అక్కడే నేర్చుకోండి.

చివరి పరీక్షకు ఓపిక కావాలి. హెల్మెట్ తీయకుండా 20 నిమిషాలు కూర్చోవాలి. ఒకచోట మాత్రమే నొప్పి పుట్టి పెరుగుతుంటే ఆకారం కుదరలేదు. తల అంతా సమానంగా పట్టినట్టు ఉంటే మంచిది. దుకాణంలో ‘రెండు దినాలు వాడితే అదే సదురుకుంటాది అన్నా’ అంటారు. సగం నిజం. బుగ్గల ప్యాడ్లు వాడుకలో కొంచెం మెత్తబడతాయి, అందుకే అవి మొదట బిగువుగా ఉండాలి. గట్టి పొర మాత్రం సర్దుకోదు. దాని ఆకారం కుదరకపోతే ఎన్ని దినాలైనా కుదరదు. తీసి చూసినప్పుడు నుదుటి మీద ఎర్రగా ఒక్కచోటే గుర్తు పడిందంటే ఆ హెల్మెట్ మీది కాదు.

మన ఊళ్ళలో కారు రేసు హెల్మెట్లు అన్నిచోట్లా పెట్టి చూసుకునే వీలు ఉండదు, తెప్పించుకోవాల్సి వస్తుంది. ధర పదుల వేలల్లో ఉంటుంది. కాబట్టి వాపసు తీసుకునే షరతు ఉన్నదే తెప్పించి, ఇంట్లో శుభ్రమైన తలతో, ట్యాగులు తీయకుండా ఈ పరీక్షలన్నీ చేయండి. ఒకసారి గట్టిగా దెబ్బ తగిలిన హెల్మెట్ బయటకు బాగానే కనిపిస్తుంది, లోపలి పొర మాత్రం నలిగిపోయి ఉంటుంది. అందుకే వాడిన హెల్మెట్‌ను మరొకరి దగ్గర కొనకండి. దెబ్బ తగలకపోయినా అయిదేళ్ళకు మార్చమని స్నెల్ చెబుతుంది. కాలేజీ జట్లు చేయగలిగిన మంచి పని, హెల్మెట్ డబ్బును కారు లెక్కలో చివర కాకుండా మొదటే పక్కన పెట్టడం. ఇద్దరు డ్రైవర్లుంటే ఇద్దరికీ కొనాలి. డబ్బు అసలు చాలకపోతే తల కొలత, ఆకారం దగ్గరగా ఉన్నవాళ్ళనే డ్రైవర్లుగా ఎంచుకోవాలి. కారు బాగా తోలేవాణ్ణి పక్కన పెట్టామని బాధ కలగవచ్చు, అయినా అదే సరి.

బిగువుగా పట్టే హెల్మెట్‌ను ప్రమాదంలో ఎలా తీయాలో కూడా తెలియాలి. రేసు హెల్మెట్లలో చాలావాటికి బుగ్గల ప్యాడ్లకు ఎర్రటి పట్టీలు ఉంటాయి. వాటిని లాగితే ప్యాడ్లు ముందే ఊడివచ్చి హెల్మెట్ సులభంగా వదులుతుంది. జట్టులో ప్రతి ఒక్కరికీ ఆ సంగతి తెలిసి ఉండాలి. రోడ్డు మీద మాత్రం మనవాళ్ళు పడిపోయినవాడి హెల్మెట్ వెంటనే లాగేస్తారు, గాలి ఆడాలన్న మంచి ఉద్దేశంతోనే. మెడ ఎముక దెబ్బతిని ఉంటే ఆ లాగుడుతో కాళ్ళూ చేతులూ శాశ్వతంగా పడిపోవచ్చు. ఊపిరి ఆడుతుంటే హెల్మెట్ తీయకండి. అద్దం పైకెత్తి, తల కదలకుండా రెండు చేతులతో పట్టుకుని 108కి ఫోన్ చేయించండి. ఊపిరి ఆడకపోతేనో, వాంతితో గొంతు పూడుతుంటేనో తీయక తప్పదు. అప్పుడు ఇద్దరు కావాలి: ఒకరు పట్టీ విప్పి, మెడను, గడ్డాన్ని కింద నుంచి కదలకుండా పట్టుకోవాలి, రెండోవారు హెల్మెట్ అంచులను పక్కలకు విడదీస్తూ మెల్లగా పైకి జరపాలి.