టకటక... మీ వేళ్లకేది నప్పుతుంది?

శ్రీకాకుళం, విజయనగరం వీధుల్లో ఒకప్పుడు టైపు ఇన్‌స్టిట్యూట్ల టకటకలు వినిపించేవి. లోయరూ హయ్యరూ పాసైతే ఉద్యోగానికి దారి దొరికినట్టే! ఆ చప్పుడే ఇప్పుడు మెకానికల్ కీబోర్డుతో ఇళ్లలోకి వస్తోంది. ఇందులో ప్రతి మీటకీ విడిగా స్ప్రింగూ స్విచ్చూ ఉంటాయి. ఎరుపు స్విచ్చు మెత్తగా దిగుతుంది, గోధుమరంగుది మధ్యలో చిన్నగా వేలికి తగులుతుంది, నీలంది టిక్కుమంటుంది. చెర్రీ ఎరుపు స్విచ్చు మొత్తం 4 మిల్లీమీటర్లు దిగుతుంది, 2 దగ్గరే అక్షరం పడిపోతుంది.

నొక్కి చూడకుండా వేలు పోసి కొని, నచ్చకపోతే? అందుకే ముందు రకానికొకటి బిగించిన ‘స్విచ్ టెస్టర్’ తీసుకోవాలి. నలుగురు స్నేహితులు కలిసి కొంటే ఖర్చు ఇంకా తక్కువ. తర్వాత ‘హాట్ స్వాప్’ కీబోర్డు ఎంచుకుంటే టంకంతో పనిలేకుండా స్విచ్చులు మార్చుకోవచ్చు. ఒకే గదిలో చదువూ నిద్రా సాగే ఇంట్లో మాత్రం... నీలం జోలికి పోకండి!