పొట్టేలు కొమ్ముల హ్యాండిల్: మీకు తెలుసా?

మీకు తెలుసా? రోడ్ బైక్ మీద వంద కిలోమీటర్లు తొక్కి ఇంటికొచ్చినవాళ్లు చాలామంది మొదట పిసుక్కునేది పిక్కల్ని కాదు, చిటికెన వేలిని! అది తిమ్మిరెక్కి, పక్కనున్న ఉంగరం వేలిని కూడా తనతో లాక్కుపోతుంది. తొక్కింది కాళ్లు, మొరపెట్టుకునేది వేళ్లు!

మీకు తెలుసా? ఆ తిమ్మిరి పుట్టే చోటుకి ఓ పేరుంది: గుయోన్ కాలువ. మణికట్టు దగ్గర, చిటికెన వేలి వైపు, అల్నార్ నరం దూరి వెళ్లే ఇరుకు సందు అది. అరచెయ్యి గంటల తరబడి హ్యాండిల్‌కి అదుముకుపోతే నరం నలుగుతుంది. ఫ్రెంచి సర్జన్ ఫెలిక్స్ గుయోన్ ఈ సందు గురించి 1861లోనే రాశాడు. రేసు సైకిళ్ల వంపు హ్యాండిల్ ఇంకా పుట్టనేలేదు, నొప్పి చిరునామా మాత్రం సిద్ధం!

మీకు తెలుసా? చేతి నొప్పికి మందు ఒక్కోసారి కూర్చునేచోట దొరుకుతుంది! ఓ 200 కిలోమీటర్ల రైడ్ నుంచి వచ్చిన సాయంత్రం నేను చొక్కా గుండీ పెట్టుకోబోతే మూడుసార్లు జారిపోయింది. గుండీ కంటికి కనిపిస్తోంది, వేలికి తెలియడం లేదు. కొత్త హ్యాండిల్ కొనేద్దామని షాపుకెళితే, మెకానిక్ దానివైపు చూడనేలేదు. సీటు మీద ఓ చెక్క బద్ద పెట్టి చూపించాడు. సీటు ముక్కు కిందికి వాలి ఉంది. ఒంటి బరువంతా ముందుకు జారి అరచేతుల మీద పడుతోందన్నమాట. అలెన్ కీతో రెండు తిప్పులు తిప్పి సీటు సమం చేశాడు. మర్నాటి రైడ్‌లో వేళ్లు పది, పదీ హాజరు!

మీకు తెలుసా? సైకిల్‌కి పెడల్ కన్నా ముందు చేతులకు మెత్త వచ్చింది! 1817లో జర్మనీలోని మన్‌హైమ్‌లో కార్ల్ డ్రైస్ తన రెండు చక్రాల బండిని బయటికి తీశాడు. దానికి పెడల్ లేదు, చైన్ లేదు, కాళ్లతో నేలను తన్నుకుంటూ పోవాలి. కానీ ముంజేతులు ఆన్చుకోవడానికి మెత్త కట్టిన ఓ పలక మాత్రం ఉంది. హాయి ముందు, వేగం తర్వాత. ఎంత మర్యాదస్థుడో చూడండి!

మీకు తెలుసా? ముందు చక్రం మనిషెత్తున ఉండే పాతకాలపు సైకిళ్ల మీద పల్లం దిగేటప్పుడు కొందరు కాళ్లు తీసి హ్యాండిల్ మీదుగా ముందుకు వేలాడేసేవారు! ఎందుకంటారా? బండి బోల్తా కొడితే తల బదులు కాళ్లు ముందు నేలకి తగలాలని. దీనికోసమే కాళ్ల వెనకనుంచి తిరిగొచ్చే హ్యాండిల్ కూడా తయారైంది. పడటానికి కూడా ప్లానే!

మీకు తెలుసా? ఇప్పటి రోడ్ బైక్ హ్యాండిల్ ఒకటే అయినా పట్లు మూడు. పైనున్న అడ్డ కడ్డీ ఒకటి, బ్రేకు లివర్ల మీది రబ్బరు తొడుగులు రెండు, కింద పొట్టేలు కొమ్ముల్లా వంగిన భాగం మూడు. కొన్ని నిమిషాలకోసారి పట్టు మారిస్తే ఏ నరానికీ బరువు ఎక్కువసేపు తగలదు. ఒక్క టికెట్టుకి మూడు సీట్లు!

మీకు తెలుసా? హ్యాండిల్‌కీ చొక్కాలాగే సైజులున్నాయి! మామూలుగా దొరికేవి 36, 38, 40, 42, 44, 46 సెంటీమీటర్లు. చొక్కాకి ఛాతీ కొలత, దీనికి భుజాల కొలత. గోడకి వీపు ఆనించి నిలబడండి. భుజం కొసన వేలితో తడిమితే ఓ చిన్న ఎముక మెట్టు తగులుతుంది. ఇటు మెట్టు నుంచి అటు మెట్టు దాకా ఇంట్లో ఎవరినైనా టేపు పట్టమనండి. 40 వచ్చిందా? 40 దగ్గర మొదలుపెట్టండి. మరీ వెడల్పయితే భుజాలూ మెడా పట్టేస్తాయి. రేసర్లు గాలి కోసం ఇంకా ఇరుకువి వాడతారు గానీ, వాళ్ల తొందర వాళ్లది. మనకి హాయి ముఖ్యం. సైకిల్ షాపులో దర్జీ పని, భలే కదూ!

మీకు తెలుసా? 42 అని రాసున్నవన్నీ 42 కావు! ఒక కంపెనీ గొట్టం నడిమి నుంచి నడిమికి కొలుస్తుంది, ఇంకో కంపెనీ బయటి అంచు నుంచి బయటి అంచుకి. గొట్టం లావు దాదాపు 24 మిల్లీమీటర్లు. అంటే ఒకరి 44, ఇంకొకరి 42 పక్కపక్కన పెడితే కవలపిల్లలే! కొమ్ములు కిందికి విచ్చుకునే రకమైతే ఇంకో తిరకాసు: కొందరు పైన కొలుస్తారు, కొందరు కింద. డబ్బు కట్టేముందు “ఎక్కణ్ణుంచి ఎక్కడికి కొలిచారండీ?” అని తప్పక అడగండి.

మీకు తెలుసా? వెడల్పు సరిపోయినా సగం పనే అయింది! హ్యాండిల్ ముందుకు ఎంత సాగిందో దాన్ని రీచ్ అంటారు, కిందికి ఎంత దిగిందో దాన్ని డ్రాప్ అంటారు. కాంపాక్ట్ రకానికి రీచ్ 70–80 మిల్లీమీటర్లు, డ్రాప్ 125 దరిదాపు. పాతకాలం రేసు హ్యాండిళ్లయితే 140 దాటి దిగేవి. నడుము సులువుగా వంగనివాళ్లకి ఆ కొమ్ముల అడుగు పాతాళమే! మీరు కింది పట్టు ఎప్పుడూ పట్టుకోవడం లేదంటే తప్పు మీ నడుముది కాకపోవచ్చు, ఆ డ్రాప్‌ది కావచ్చు.

మీకు తెలుసా? హ్యాండిల్‌ని సైకిల్‌కి కలిపే ముక్క స్టెమ్. అది బిగించే చోట ఇప్పటి రోడ్ బైక్ హ్యాండిళ్ల లావు ఎక్కువగా 31.8 మిల్లీమీటర్లు. ఈ వింత అంకె ఎక్కడిదంటే, ఒకటింపావు అంగుళం! పాతవాటిలో 26.0 ఉంది, 25.4 కూడా ఉంది. తేడా 0.6 మిల్లీమీటరే కదా అని ఒకదాని స్టెమ్ ఇంకోదానికి బిగించారో, గుంతలో పడగానే హ్యాండిల్ గిర్రున తిరుగుతుంది. గోరంత తేడా, కొండంత దెబ్బ!

మీకు తెలుసా? హ్యాండిల్ వెడల్పుకి అంతర్జాతీయ చట్టం ఉంది! గాలిని కోసుకుపోవాలని రేసర్లు హ్యాండిళ్లని కుదించుకుంటూ పోయారు. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య 2023లో కనీసం 350 మిల్లీమీటర్లు ఉండాలంది. 2026 జనవరి 1 నుంచి రోడ్డు రేసులకి దాన్ని బయటి అంచుల మధ్య 400 చేసింది. సన్నని భుజాలున్న మహిళా రేసర్ల నుంచి అభ్యంతరాలొచ్చాయి. రావా మరి? అందరికీ ఒకే సైజు చొక్కా కుట్టిస్తే!

మీకు తెలుసా? మూడు వారాల రేసుని ఎనిమిది సెకన్లు తేల్చాయి! 1989 టూర్ ద ఫ్రాన్స్, ఆఖరి రోజు, వెర్సాయ్ నుంచి పారిస్‌కి 24.5 కిలోమీటర్లు. గ్రెగ్ లెమాండ్ 50 సెకన్లు వెనకబడి ఉన్నాడు. మోచేతులు ఆన్చి చేతులు ముందుకు చాపే హ్యాండిల్ బిగించుకుని వచ్చాడు. లోరాఁ ఫిన్యోఁ అలాంటిది లేకుండానే బయల్దేరాడు. ఆ ఒక్క పరుగులో లెమాండ్ 58 సెకన్లు మిగిల్చాడు. మొత్తం 3,285 కిలోమీటర్లు, తేడా 8 సెకన్లు. టూర్ చరిత్రలో ఇంతకన్నా దగ్గరి గెలుపు ఇంకోటి లేదు. అమ్మో!

మీకు తెలుసా? స్కాట్లండ్ వీరుడు గ్రేమ్ ఓబ్రీ వాషింగ్ మెషీన్ బేరింగులు బిగించిన సొంత సైకిల్ మీద, చేతులు ఛాతీ కింద ముడుచుకుని, 1993లో గంటలో 51.596 కిలోమీటర్లు తొక్కాడు! ఆ భంగిమని మర్నాడే కాదు గానీ మరుసటి ఏడాది నిషేధించారు. ఈసారి చేతులు పూర్తిగా ముందుకు చాపాడు. దాన్నీ తర్వాత నిషేధించారు!

మీకు తెలుసా? ఆ చాచిన చేతుల భంగిమలోనే 1996లో క్రిస్ బోర్డ్‌మన్ గంటలో 56.375 కిలోమీటర్లు వెళ్లాడు. 2000లో అదే బోర్డ్‌మన్, ఎడీ మెర్క్స్ 1972లో వాడినలాంటి కొమ్ముల హ్యాండిల్, మామూలు చక్రాలతో తొక్కితే 49.441! మెర్క్స్ రికార్డు 49.431. ఇరవై ఎనిమిదేళ్ల తేడా, పది మీటర్ల గెలుపు. ఓ లారీ పొడవు!

మీకు తెలుసా? విమానం కూడా కొంతదూరం హ్యాండిల్ మీదే ప్రయాణించింది! 1901లో రైట్ సోదరులు సైకిల్ హ్యాండిల్ మీద మూడో చక్రాన్ని పడుకోబెట్టి, దానికి చిన్న రెక్క బిగించి, డేటన్ వీధుల్లో తొక్కుతూ గాలి ఒత్తిడి పరీక్షించారు. చూసినవాళ్లు ఏమనుకున్నారో!

మీకు తెలుసా? హ్యాండిల్ మార్చకుండానే పట్టు మెత్తబరచవచ్చు. హ్యాండిల్‌కి చుట్టిన పాత టేపు ఊడదీసి 3 మిల్లీమీటర్ల మందం టేపు చుట్టండి. కొమ్ముల అడుగు నుంచి పైకి రావాలి, ప్రతి చుట్టూ కింది చుట్టుని మూడోవంతు కప్పాలి. పైనుంచి చుట్టారో, అరచెయ్యి జారినప్పుడల్లా అంచులు లేచిపోతాయి. చివర్న బిరడా మరవొద్దు. తెరిచిన గొట్టం పడ్డప్పుడు ఒంటిని కోసేస్తుంది. షాంపేన్ సీసా కార్కుని బిరడాగా కొట్టుకునే శౌకీన్లూ ఉన్నారు!

మీకు తెలుసా? పారిస్–బ్రెస్ట్–పారిస్ రైడ్ 1,200 కిలోమీటర్లు, గరిష్ఠ గడువు 90 గంటలు. అన్ని గంటలూ ఆ కొమ్ములే చేతుల్లో! అంత దూరం వద్దనుకుంటే హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్ పక్కన సోలార్ పైకప్పున్న సైకిల్ ట్రాక్ ఉంది. కొత్త హ్యాండిల్ పరీక్షకి ఎండ తగలని చోటు, ఇంకేం కావాలి!

మీకు తెలుసా? 1942లో పికాసో పాత సామాన్ల కుప్పలోంచి ఓ సైకిల్ సీటు, ఓ హ్యాండిల్ ఏరుకొచ్చాడు. సీటుని నిలబెట్టాడు, హ్యాండిల్‌ని దాని నెత్తిన పెట్టాడు. ఎద్దు తల ప్రత్యక్షం! వాడినవి రెండే ముక్కలు, సీటూ హ్యాండిలూ. మా మెకానిక్‌కి మాత్రం అందులో ఒక్కటే చాలింది, సీటు!