కార్యాలయ ఫైళ్లకు వర్చువల్ మెషిన్ రక్షణ

మల్కాజ్‌గిరి: 2019 లోక్‌సభ ఎన్నికలలో 31 లక్షలకు పైగా ఓటర్లతో మల్కాజ్‌గిరి దేశంలోనే అతిపెద్ద నియోజకవర్గంగా నిలిచిన విషయం విదితమే. ఇంతటి జనసంఖ్యకు సేవలందించే కార్యాలయాలలో అర్జీలు, ధ్రువపత్రాలు, పన్నుల వివరాలు కంప్యూటర్లలో భద్రపరచబడుతున్నాయి. అను ఫాంట్లను యూనికోడ్‌లోకి మార్చేందుకు ఎక్కడో లభించిన ఉచిత కన్వర్టర్‌ను అదే కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసినచో ఆ ఫైళ్లన్నీ ప్రమాదంలో పడే అవకాశమున్నది.

2017 మే నెలలో ప్రపంచాన్ని కుదిపిన వానాక్రై, ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు తదితర జిల్లాల పోలీసు కంప్యూటర్లను సైతం తాకినది. ఫైళ్లకు తాళం వేసి, సొమ్ము చెల్లిస్తేనే విడిపిస్తామనడం దాని పద్ధతి. దానిని అడ్డుకొనే సవరణను మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే విడుదల చేసినది.

తెలియని సాఫ్ట్‌వేర్‌ను వాడక తప్పనప్పుడు వర్చువల్ మెషిన్ ఉపకరిస్తుంది. ఇది కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్ సృష్టించే మరొక కంప్యూటర్. దీనికి మెమరీ, డిస్కు, ఆపరేటింగ్ సిస్టమ్ వేరుగా ఉంటాయి. ఇది కొత్త ఊహ కాదు. ఐబీఎం సంస్థ 1972లోనే వీఎం/370ని ప్రకటించినది. 1999లో వీఎంవేర్ దీనిని సాధారణ పీసీలకు తెచ్చినది. ముందుగా స్నాప్‌షాట్ తీసుకొన్నచో, లోపల ఏమి చెడినా పూర్వస్థితికి మరల్చవచ్చును.

అయితే గోడ కట్టి తలుపు తెరిచి ఉంచిన చందంగా, షేర్డ్ ఫోల్డర్ ద్వారా అసలు ఫైళ్లను లోనికి అందించినచో ప్రయోజనం శూన్యం. వానాక్రై ఎవరూ క్లిక్ చేయకుండానే నెట్‌వర్క్ ద్వారా పాకినది. కనుక వర్చువల్ మెషిన్‌ను కార్యాలయ నెట్‌వర్క్ నుంచి కూడా వేరుచేయవలసి ఉంటుంది. 2019 నుంచి విండోస్ ప్రో, ఎంటర్‌ప్రైజ్ రకాలలో లభిస్తున్న విండోస్ శాండ్‌బాక్స్‌ను మూసివేయగానే అందులోనిదంతా చెరిగిపోతుంది. కానీ అందులో నెట్‌వర్క్, క్లిప్‌బోర్డ్ అనుసంధానాలు సాధారణంగా తెరిచే ఉంటాయి. వాటిని ప్రత్యేకంగా నిలిపివేయాలి.

వర్చువల్ మెషిన్‌లో ఏమీ కాలేదు గనుక సాఫ్ట్‌వేర్ మంచిదేనని భావించడం పొరపాటు. తాము వర్చువల్ మెషిన్‌లో ఉన్నట్లు పసిగట్టి, మౌనంగా ఉండిపోయే హానికర ప్రోగ్రాములు అనేకం. గోడలోనూ పగుళ్లు ఉండవచ్చును. 2015లో బయటపడిన వెనమ్ లోపం, ఎవరూ వాడని ఫ్లాపీ డిస్కును అనుకరించే భాగంలో దాగి ఉండుట విశేషం. అందువలన వర్చువల్ మెషిన్ సాఫ్ట్‌వేర్‌ను సైతం ఎప్పటికప్పుడు నవీకరించవలెను. ముఖ్యమైన ఫైళ్ల ప్రతిని కంప్యూటర్ నుంచి తొలగించిన వేరొక డిస్కులో ఉంచుట అవసరం.