రెచ్చగొట్టుటయు ఆలోచింపజేయుటయు



నలుగురు కూడినచోట ఒకరు కఠినమైన మాట యనుటయు, వినినవారు మండిపడుటయు, అంతట ఆ యన్నవారు “మిమ్ము నొప్పించుటకు గాదు, ఆలోచింపజేయుటకే యంటిని” అని సమర్థించుకొనుటయు ఇప్పుడు మిక్కిలి వాడుకయైనవి. పూర్వ మీ పని అరుగులమీదను రచ్చబండలయొద్దను జరుగుచుండెడిది. నేడు చేతిలోని ఫోనునందే జరుగుచున్నది. మాట యన్నవారికి వినినవారి ముఖము కనబడదు. వినినవారికి అన్నవా రెవరో యొక్కొక్కప్పుడు తెలియనే తెలియదు. మా పెందుర్తి నిన్నమొన్నటివరకు పల్లె. నేడు విశాఖపట్టణ మహానగరములో కలిసిపోయినది. పోర్టు ఉద్యోగుల కుటుంబములు, ఉక్కు కర్మాగారమువారి కుటుంబములు, తరతరములుగా నున్న రైతు కుటుంబములు ఇచ్చట ప్రక్కప్రక్కనే కాపురము లుండుటచేత, ఒక మాట పుట్టిన గంటలోపల పది వంటిండ్లను చేరుచున్నది. కావున మనుష్యులను రెచ్చగొట్టి ఆలోచింపజేయవచ్చునా యను ప్రశ్న గృహిణుల కక్కరలేనిది కాదు.

చేయవచ్చుననియే మా యభిప్రాయము. కాని రెచ్చిన మనస్సెల్ల ఆలోచించు మనస్సు కాదు. కందిరీగల తుట్టెను కఱ్ఱతో కదపినచో ఈగలు లేచును గాని వానికి వివేకము కలుగదు. పెరుగు చిలికినచో వెన్న వచ్చును. నీరు చిలికినచో నురుగు వచ్చి యణగిపోవును. రెంటియందును కవ్వ మొక్కటియే, చప్పుడు నొక్కటియే. మాట యెట్టిదో తెలిసికొనుటకు మే మొక గురుతు చెప్పుదుము. ఆ మాట పడిన పిమ్మట జనులు విషయమును గూర్చి మాటలాడుకొనుచున్నారా, మనిషిని గూర్చి మాటలాడుకొనుచున్నారా? విషయమును గూర్చి యైనచో చిలికినది పెరుగు. మనిషిని గూర్చి యైనచో చిలికినది నీరు.

“మెత్తగా చెప్పినచో ఎవరు విందురు?” అని కొంద రడుగుదురు. ఇది త్రోసివేయదగిన మాట కాదు. మెత్తదనము నెల్లప్పుడును బలహీనులయొద్దనే కోరుట లోకమున కలవాటు. బృహదారణ్యకోపనిషత్తులో జనకుని సభను తలచుకొనుడు. సభలో మిక్కిలి జ్ఞాని యెవరో వారికి వేయి గోవు లిత్తునని రాజు ప్రకటింపగా, యాజ్ఞవల్క్యుడు వాదము జరుగకమునుపే వానిని తోలుకొని పొమ్మని శిష్యునితో చెప్పెను. సభనంతను రెచ్చగొట్టుట యన నదియే. పండితులొక్కొక్కరు లేచి ప్రశ్నించిరి. వారిలో గార్గి ప్రశ్నమీద ప్రశ్న వేయుచు బ్రహ్మలోకమువరకు పోగా, ఇక నడిగినచో నీ తల పడునని అతడు హెచ్చరించెను. ఆమె యప్పటి కూరకుండెను. కాని సభ విడిచి పోలేదు. మరల లేచి, సభ్యుల యనుమతి కోరి, రెండు బాణములను చేతబట్టిన వీరునివలె రెండు ప్రశ్నలతో వచ్చితినని చెప్పి యడిగెను. సమాధానము పూర్తిగా వినెను. విని, ఈతనిని గెలువజాలరు, నమస్కరించి పొండని పండితులకు తానే చెప్పెను. గార్గి మాట మెత్తనిది కాదు. కాని యామె యడిగినది తెలిసికొనుటకు. ఉత్తరము వినుటకు సభలో నిలిచినది. ఆమె గొప్పతన మందులోనే యున్నది.

ఇక మన సీమకు వత్తము. మా పెందుర్తి స్టేషనులో రైలెక్కి కొత్తవలస దాటినచో కొలదిసేపటిలోనే విజయనగరము వచ్చును. 1979లో విజయనగరము జిల్లా వేరుగా నేర్పడువరకు ఆ పట్టణము విశాఖపట్టణము జిల్లాలోనిదే. పందొమ్మిదవ శతాబ్దపు తుదిభాగమున ఈ జిల్లాలోని బ్రాహ్మణ కుటుంబములలో కన్యాశుల్కము, అనగా సొమ్ము పుచ్చుకొని పిల్ల నిచ్చుట, విస్తారముగా నుండెను. విజయనగర ప్రభువు ఆనందగజపతి మహారాజుగారు ఇట్టి వివాహములకు పట్టిక యొకటి తయారు చేయించిరి. గురజాడ అప్పారావుగారు 1897లో అచ్చైన తమ “కన్యాశుల్కము” నాటకపు పీఠికలో ఆ లెక్క నిచ్చిరి. సొమ్ము పుచ్చుకొన్నవారు దాచుకొనుటచేత పట్టిక సంపూర్ణము కాకపోయినను, అందు కెక్కిన వివాహములు 1034. సగటున ఏటికి 344. పెండ్లినాటికి అయిదేండ్ల ప్రాయము గల పిల్లలు 99 మంది, నాలుగేండ్లవారు 44 మంది, మూడేండ్లవారు 36 మంది, రెండేండ్లవారు ఆరుగురు, ఏడాది పసికందులు ముగ్గురు! ఆ పసికందులకు కట్టిన వెల తలకు 350 మొదలు 400 రూపాయలవరకు.

అమ్మలారా, ఉయ్యాలలోని బిడ్డను తలచుకొని ఈ యంకెలను మరల చదువుడు. ఇందులో తిట్టు లేదు, ఎగతాళి లేదు, ఏ యింటిపేరును లేదు. అయినను వినినవాడు ఉలికిపడక మానడు.

ఈ లెక్కను మనస్సున నుంచుకొని అప్పారావుగారు నాటకము వ్రాసిరి. 1892లో విజయనగరమున దాని నాడిరి. డబ్బు కొరకు చిన్నపిల్ల సుబ్బిని ముసలి లుబ్ధావధానులకు కట్టబెట్టజూచిన అగ్నిహోత్రావధానులను చూచి జనులు నవ్విరి. తల్లి వెంకమ్మ ఆ పెండ్లి సహింపలేక నూతిలో దూకినప్పుడు నవ్విన నోళ్లే మూతపడియుండును. అగ్నిహోత్రావధాను లనగా ఫలానా యింటివాడని వ్రేలు చూపుట కక్కడ వీలు లేదు. అందుచేత చూచినవాడు ఇతరుని వైపు తిరుగక తన యింటివైపు తిరుగవలసివచ్చెను. నాటకము చేసిన మేలిది.

అప్పారావుగారి మరియొక నేర్పును మనము గుర్తింపవలెను. వట్టి రెచ్చగొట్టువా డెట్లుండునో చూపుటకు గిరీశమును గూడ ఆ నాటకములోనే నిలిపిరి. వితంతు వివాహమును గూర్చి గిరీశమంత ధారాళముగా మాటలాడువాడు మరియొకడు లేడు. వినినవారు ఆశ్చర్యపడుదురు, శిష్యుడు వెంకటేశము నోరు తెరచుకొని వినును. కాని యా మాటలకై అతడు పోగొట్టుకొనిన దేమియు లేదు, పొందదలచినదే యున్నది. వితంతువైన బుచ్చమ్మ మనస్సు వానికి సంస్కరణమునకు సాధనమా, సంస్కరణము బుచ్చమ్మను పొందుటకు సాధనమా యని చూచువారికే తెలియును. చివరకు సౌజన్యారావు పంతులు వానిని గుర్తించి తొలగించును. నేడు ఫోనులో కఠినోక్తు లాడి “ఆలోచింపజేయుటకే” యనువారిలో గిరీశము లెందరో లెక్కించుకొనుట మీకే విడిచెదము.

మాటకు వెల చెల్లించుట యెట్టిదో తెలియగోరువారు రాజమహేంద్రవరమునకు పోవలెను. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో వివేకవర్ధని పత్రికను స్థాపించి, లంచగొండి యుద్యోగులను, భోగము మేళములను, బాల్యవివాహములను తీవ్రముగా ఖండించిరి. ఎదుటివారును మౌనముగా నుండలేదు. ఆంధ్రభాషా సంజీవని నడపిన కొక్కొండ వేంకటరత్నము పంతులుగారు వివేకవర్ధనిని వెక్కిరించుచు హాస్యవర్ధని యని యొకటి వెలువరింపగా, వీరేశలింగముగారు ఆ సంజీవనిని వెక్కిరించుచు 1876లో హాస్యసంజీవని యని వెలువరించిరి. ఇద్దరును చమత్కారులే, ఇద్దరును ఎవరి పేరుతో వారు వ్రాసినవారే. మరుగున దాగి రాయి విసరిన వారు కారు.

మాటలతో నాగినచో పంతులుగారిని నేడు తలచుకొను పని యుండదు. 1881 డిసెంబరు 11వ తేదీని ఆయన తన చేతులమీదుగా మొదటి వితంతు వివాహము జరిపించిరి. ఊరు వెలివేసెను. వంటవారు రాలేదు, నీళ్లు మోయువారు రాలేదు. అప్పుడు భార్య రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరినుండి నీళ్లు మోసితెచ్చి, తామే వండి వడ్డించిరి. పత్రికలో ఒక వాక్యము వ్రాయుటకు పట్టు సమయ మెంత, గోదావరినుండి బిందె తెచ్చుటకు పట్టు శ్రమ యెంత? సంస్కర్తల కథలలో ఈ బిందెను మరచిపోవుదురు. ఒకరు రెచ్చగొట్టిన లోకపు కోపమును ఇంటిలో మరియొకరు మోయవలసివచ్చును. ఆ మోయువారి సమ్మతి యున్నదా యని అడుగని వాడు ధీరుడు కాడు.

అయిన నెంత చదువుకొన్నవారో అంతటివారికే ఈ మార్గమని యనుకొనరాదు. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా కార్యక్రమము జరుగుచుండగా, క్రొత్తగా అక్షరములు నేర్చుకొనుచున్న పల్లె స్త్రీల వాచకములో సారాయివలన చెడిన సంసారముగల యొక స్త్రీ కథ పాఠముగా నుండెను. దానిని చదివిన దూబగుంట స్త్రీలు ఇది మన కథయే కదా యని తమలో తాము చర్చించుకొని సారాయి దుకాణమును మూయించిరి. 1992లో ఆ యుద్యమము జిల్లా యంతట వ్యాపించి, సారాయి పాటలను సాగనీయలేదు. 1993 అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమంతట సారాయి నిషేధింపబడెను. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో సడలింపబడినది గాని, అది వేరు కథ. ఆ పాఠములో త్రాగుబోతును తిట్టలేదు, స్త్రీని చేతగానిదానవని వెక్కిరింపలేదు. ఆమె బ్రతుకును ఆమె కన్నుల యెదుట నుంచినది. ఇంతకన్న గట్టిగా రెచ్చగొట్టిన పాఠము మన రాష్ట్రమున మరియొకటి మా యెరుకలో లేదు.

ఇక నేటి సంగతి. నాటి పట్టికలో వెల కన్యలకు, నేడు వరులకు. 1961లోనే వరకట్న నిషేధ చట్టము వచ్చినను బేరము మానలేదు. ఇటీవల మా యెరుకలో నున్న యొక కుటుంబమున చదువుకొనుచున్న యువకు డొకడు వరుల ధరల పట్టిక వ్రాసి బంధువులందరి ఫోనులకు పంపెను. బ్యాంకి యుద్యోగి కింత, స్టీలు ప్లాంటు ఉద్యోగి కింత, అమెరికాలో నున్నవాని కింత యని వ్రాసి, అడుగున “ఈ నెలలో మన యింట కుదిరిన బేర మింత” అని తన పెదతండ్రి కూతురి పెండ్లి సొమ్మును గూడ చేర్చెను. ఉద్దేశము మంచిదే. ఫలితమో? కట్నము మంచిదా చెడ్డదా యని ఒక్కరు నడుగలేదు. ఆ యంకె వీనికెవరు చెప్పిరి, నిజముగా నంతేనా, తక్కువ చెప్పిరా యని రెండు దినములు చర్చించిరి. పెదతండ్రి తల యెత్తలేకపోయెను. పెండ్లికూతు రా రాత్రి యన్నము ముట్టలేదు. బేరము చేసినవారు చెక్కుచెదరలేదు. బేరమునకు లోనైన పిల్ల గాయపడినది.

అప్పుడు వాని మేనత్త, ఉపాధ్యాయినిగా పనిచేసి విశ్రమించిన యామె, ఎవరును లేని సమయమున వానిని పిలిచి, “ఒరే నాయనా, పట్టిక బాగుగనే వ్రాసితివి. అందులో నీ ధర వ్రాయలేదేమిరా?” అని యడిగెను. వాడు మారుమాటాడలేదు. వారము గడచిన పిమ్మట పెదతండ్రిని క్షమాపణ వేడి, తన పెండ్లికి కాసైనను పుచ్చుకొననని అదే బంధువులకు తెలిపెను. ఇంటిలో అసలు గొడవ అప్పుడు మొదలైనది. “నీకు పుచ్చుకొనకున్న సరే. రేపు నీ చెల్లెలిని చేసికొనువా రడుగకుందురా? అది నేనెక్కడనుండి తెత్తును?” అని తల్లి యడిగెను. ఆ ప్రశ్నకు వానియొద్ద నుత్తరము లేదు. ఆ యింట ఆ చర్చ యింకను జరుగుచునే యున్నది. తల్లి అడిగినది క్రూరమైన ప్రశ్న కాదు. కట్నమను చక్రము తిరుగుట కాధారమైన యిరుసే యది. మొదటి పట్టిక దాని దరిదాపులకైన పోలేదు. మేనత్త యాడిన యొక్క మాట, వాడు తనమీద వేసికొనిన యొక్క భారము అక్కడికి చేర్చినవి.

కావున సోదరీమణులు ఎవరినైనను కదిలింప దలచినప్పుడు మూడు సంగతులు విచారించుకొనవలెనని మా మనవి. మహారాజుగారి పట్టికవలె మనయొద్ద నిజమైన లెక్క యున్నదా? మన మాట ఆచారమునకు తగులునా, ఆచారమువలన ఇదివరకే నలిగినవారికి తగులునా? దానివలన వచ్చు కష్టములో మన పాలెంత? ఇంట గెలిచి రచ్చ గెలువుమను సామెత యీ మూడింటిని ఒక్కచోట చేర్చినది.

అట్లే మనలను ఎవరైన కదిలించినప్పుడు వెంటనే మండిపడుటయు తగదు. పేరు లేక, ఉత్తరము వినుటకు నిలువక, నొప్పించి నవ్వి పోవువాని మాటకు బదులు వ్రాయ నక్కరలేదు. పొయ్యిమీది యెసరు చూచుకొనుట మేలు. కాని తన పేరుతో ముందు నిలిచి, తనకును తగులునట్లు మాటలాడి, మన యుత్తరమునకై వేచియుండువారు కఠినముగా మాటలాడినను, వారిని కూర్చుండ పీట వేసి వినుదము. మనకు కోపము రావచ్చును. ఆ కోపము చల్లారిన పిమ్మట మనస్సులో నొక ప్రశ్న మిగిలియున్నచో, దానిని భర్తతోను, అత్తగారితోను, ఎదిగిన బిడ్డలతోను కలిసి చర్చింపవలెను. మన యిండ్లలో మార్పు వచ్చినచో ఆ చర్చలనుండియే రావలెను.