పెందలకడ భోజనం, పొద్దుటి నడక

నిరుడు వర్షాకాలంలో నరసరావుపేటకు చెందిన ఒక వస్త్రవ్యాపారి కాలిమీద పుండుతో నా వద్దకు వచ్చారు. నెల గడిచినా మానలేదు. ఎవరో ఇచ్చిన చూర్ణాన్ని నమ్మి, చక్కెర వ్యాధి మాత్రలను నాలుగు మాసాల క్రితమే మానివేశారట. నేను ఏ మందూ ఇవ్వక ఆనాడే ఆసుపత్రికి పంపాను. పుండు మానిన తరువాత తిరిగివచ్చి, "ఆచార్యులుగారూ, ఇప్పుడైనా మందు చెప్పండి" అన్నారు. "మందు డాక్టరుగారు ఇస్తున్నారు కదా! మీ దినచర్య చెప్పండి" అన్నాను.

ఎండ ఎక్కిన తరువాత మేల్కొనడం, మధ్యాహ్నం రెండు గంటల నిద్ర, అంగడి మూసి రాత్రి పదిన్నరకు కడుపునిండా అన్నం, చివర గడ్డపెరుగు, వెంటనే పడక. కదలక కూర్చుండే సుఖం, అతినిద్ర, పెరుగు - వీటిని చరకుడు ప్రమేహానికి కారణాలుగా చెప్పాడు.

ఇది ఆయన ఒక్కరి కథ కాదు. నా చిన్ననాట పల్నాట జొన్నకూడే నిత్యాహారం; వరి అన్నం పండుగనాటి మాట. 1967లో నాగార్జునసాగర్ కుడికాలువకు నీరు వచ్చిన పిమ్మట వరి ఇంటింటికీ చేరింది. అది మన అదృష్టమే. అయితే కాయకష్టం తగ్గినా కంచంలో అన్నం తగ్గలేదు. దోషం అక్కడ ఉన్నది.

గృహస్థులు పాటింపదగిన నియమాలు కొన్ని:

రాత్రి భోజనం పడకకు రెండు మూడు గంటల ముందే ముగించాలి. కడుపులో రెండు భాగాలు ఆహారానికి, ఒకటి ద్రవానికి, ఒకటి వాయుసంచారానికి విడువమని వాగ్భటుని విధి. రాత్రివేళ పెరుగుకు బదులు పలుచని మజ్జిగ మేలు. చక్కెర వ్యాధికి మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు మాత్రం వైద్యుని అడిగిన తరువాతనే భోజనవేళలు మార్చుకోవాలి.

వ్యాయామం అర్ధశక్తితో చాలును. నుదుట చెమట పట్టి, నోటితో శ్వాస తీయవలసివస్తే ఆగవలెను. రెంటచింతల ఎండలు ఎరిగిన మనం వేసవిలో సూర్యోదయానికి ముందే నడవాలి. చక్కెర వ్యాధి ఉన్నవారు చెప్పులు లేకుండా నడవరాదు. ప్రతిరాత్రి పాదాలను పరీక్షించుకోవాలి.

పగటినిద్రకు శాస్త్రం గ్రీష్మంలో అనుమతి ఇచ్చింది. వృద్ధులకు, పిల్లలకు, రోగులకు మినహాయింపు ఉన్నది. తక్కినవారికి ఇతర ఋతువులలో తగదు.

ఇంద్రియాలు, మనస్సు ప్రసన్నంగా ఉన్నప్పుడే మనిషి స్వస్థుడని సుశ్రుతుని నిర్వచనం. కనుక రాత్రి భోజనవేళ టీవీని, సెల్‌ఫోనును పక్కనపెట్టి ఇంటిల్లిపాదీ కలిసి కూర్చొనడం కూడ చికిత్సలో భాగమే.

ఆ వ్యాపారి ఇప్పుడు ఎనిమిదింటికే ఇంటికి వెళ్లి భోంచేస్తున్నారు; అంగడి మూసే పని కుమారుడు చూస్తున్నాడు. మాత్రలు క్రమంగా వాడుతున్నారు. చాలా ఏండ్లకు మనుమలతో కలిసి తింటున్నానని చెప్పినప్పుడు ఆయన ముఖంలో కనిపించిన వెలుగు ఏ లేహ్యంతోనూ రాదు.

గడుస్తున్న దినాలను నిత్యం పరిశీలించుకొమ్మని వాగ్భటుడు దినచర్యాధ్యాయంలో హెచ్చరించాడు. అంగడి లెక్క ప్రతిరాత్రీ చూచుకొనే మనకు దేహం లెక్క చూచుకొనడం భారమా?